ఏడిళ్ళ పిల్లి

పిల్లల పెట్టె ఆఖర్న ఎక్కాలి, మొదట దిగాలి. మేస్త్రి చేత ఇల్లు మార్పించుకున్నవాళ్ళలో ఈ మాట విననివాళ్ళు ఒక్కరు కూడా ఉండరు. ఆయన ఇళ్ళ సామాను తరలించే కంపెనీలో పనివాళ్ళ మీద పెద్ద. బీరువాలు, మంచాలు మొయ్యడానికి కండ ఉంటే చాలంటాడు. కొత్తింట్లో కాలు పెట్టగానే పిల్లల చేతికి వాళ్ళ వస్తువు అందాలి, అదీ అసలు పని. అందిందా, ఆ ఇల్లు వాళ్ళదైపోయినట్టే. అందలేదా, వారం రోజులు ఆ ఇంట్లో ఏడుపు తప్ప ఇంకోటి వినపడదు. ఈ సంగతి ఎదుటివాళ్ళు అడిగినా అడక్కపోయినా, చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెబుతాడు.

అలాంటి మనిషి తన సొంత సామాను మారుస్తూ ఆ సూత్రం తప్పుతాడా? వ్యాను తలుపు తియ్యగానే ముందు కూతురి అట్టపెట్టె దిగింది. దాన్ని డ్రైవరుకి కూడా ఇవ్వకుండా తనే భుజానికెత్తుకుని, మెట్లెక్కి, పై వాటాలో చిన్నగది కిటికీ కింద దించాడు. దించి, చేతులు దులుపుకుని, సన్మానం అందుకోబోయేవాడిలా నిలబడ్డాడు.

"జడ్జిగారూ! తమరి ఆస్తి పదిలంగా చేరింది. విప్పుకోండి."

జడ్జిగారంటే కూతురే. నాలుగో క్లాసు పాసైంది. ఇంట్లో తమ్ముడు గ్లాసు పగలగొట్టినా, అమ్మ కూరలో ఉప్పు మరిచిపోయినా, అందరి మాటా విని, కాసేపు ఆలోచించి, అప్పుడు గాని తీర్పు చెప్పదు. అందుకని ఆ బిరుదు. ఆ పిల్ల గదంతా ఒకసారి కలియజూసింది. కిటికీ రెక్క తీసి, వేసింది. గోడలో ఉన్న అలమర అరల మీద వేలితో గీసి, దుమ్ము చూసుకుంది.

"బాగుంది," అని పెట్టె మీద కూర్చుంది. విప్పలేదు.

తమ్ముడి సంగతి వేరు. వాడికి ఐదేళ్ళు. పొద్దస్తమానం అక్క వెనకాలే తిరుగుతాడు కాబట్టి వాడి పేరు తోక. తోకగారి పెట్టె ఇంకా నేలకి ఆననేలేదు, రెండు చేతులతో అట్ట చించేశాడు. అందులోంచి బంతి ఎగిరి, మెట్ల మీద గెంతుకుంటూ కిందకి పోయింది. దాని వెనక వాడు, వాడి వెనక "పడతావురా!" అంటూ వాళ్ళమ్మ.

"వదినా, ఈ ఇంట్లోనైనా నాకో గది ఉంచండి," అన్నాడు డ్రైవరు, పరుపు నెత్తిన పెట్టుకుని వస్తూ. "ఎలాగూ ఏడాదికోసారి నేను రాక తప్పట్లేదు కదా."

"నాకే గ్యారంటీ లేదు, నీకు గది కూడానా?" అంది ఆవిడ. "పిల్లి పిల్లల్ని పెట్టి ఏడిళ్ళు తిప్పుతుందట. మీ మేస్త్రి ఆ పిల్లికి గురువు. నేను లెక్కపెట్టడం మానేశాను."

మేస్త్రి నవ్వాడు. నిజానికి ఆవిడ మాటలో అబద్ధమేమీ లేదు. ఇల్లు మారాలంటే లోకంలో మిగతావాళ్ళకి గుండె గుభేలుమంటుంది. ఈయనకి వ్యాను కంపెనీది, చేతులు సొంతవి, స్నేహితులు పిలిస్తే వస్తారు. కొళాయిలో నీళ్ళు సన్నగా వచ్చినా, పక్కింటి కుక్క మొరిగినా, సామాను కట్టెయ్యడమే. దానికి తోడు ఊళ్ళో ఏ ఇల్లు ఖాళీ అయినా అందరికంటే ముందు తెలిసేది ఆయనకే. ఖాళీ చేయించేది ఆయనే కదా. అద్దెకివ్వబడును అని బోర్డు పెట్టేలోపే ఆ ఇంట్లో వంటగది ఎటుందో, మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుందో చూసి వచ్చేస్తాడు. ఖాళీ ఇల్లు ఎవరికైనా పెద్దగానే కనిపిస్తుంది. మేస్త్రికి మరీను.

మర్నాడు సెలవు పెట్టి అలమరకి రంగు వేశాడు. వంటింట్లో గిన్నెల స్టాండు బిగించాడు. మంచాల పట్టీలు కలిపాడు. బేకరీకి వారం సెలవు పెట్టి ఇల్లాలు డబ్బాలు సర్దుతుంటే ఆవిడకి అందిస్తూ, మధ్య మధ్యలో చిన్నగదిలోకి తొంగి చూస్తున్నాడు. పెట్టె పెట్టినచోటే ఉంది. జడ్జిగారు దాని మీద తువ్వాలు పరిచి, టేబుల్లా వాడుకుంటోంది. దాని మీదే బొమ్మ గీస్తోంది. దాని మీదే టిఫిను తింది. బట్టలు స్కూలు బ్యాగులోంచి తీసి వేసుకుంటోంది.

సాయంత్రానికి ఆగలేకపోయాడు. జేబులోంచి అట్టపెట్టెలు కోసే బ్లేడు తీసి చూపించాడు.

"అలమర ఆరిపోయిందమ్మా. ఒక్క గీత గీస్తాను, అన్నీ పైన పెట్టుకుందువుగాని."

"ఉండనీ నాన్నా."

"ఎందుకూ?"

"మళ్ళీ కట్టాలిగా," అంది ఆ పిల్ల, రంగు పెన్సిలు చెక్కుకుంటూ. అలిగి అన్న మాట కాదు. దెప్పిపొడుపూ కాదు. రేపు బడికి వెళ్ళాలిగా అన్నట్టు అంది. "పోయినింట్లో అన్నీ సర్దుకునేసరికి మళ్ళీ కట్టమన్నావు. అంతకు ముందూ అంతే. దీన్నిలాగే ఉంచితే నీకూ పని తగ్గుతుంది."

ఆ 'నీకూ' అన్న మాట మేస్త్రికి మేకులా దిగింది. ఊళ్ళో పిల్లలందరి పెట్టెల గురించీ నీతులు చెప్పుకు తిరిగే తన ఇంట్లో, సొంత కూతురు సామాను విప్పడమే మానుకుంది. అదీ తండ్రికి శ్రమ తగ్గించడానికి! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

"ఇంక మారం. ఒట్టు," అన్నాడు.

జడ్జిగారు ముక్కు మీద చూపుడు వేలు పెట్టుకుని, కాసేపు ఆయన మొహంలోకి చూసింది. "చూద్దాం," అంది.

చూడడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఆ మర్నాడు సాయంత్రం మేస్త్రి పనినించి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తలుపు చప్పుడైంది. కింది వాటాలో ఉండే నర్సమ్మ. ఆస్పత్రి బట్టలేసుకుని, చేతిలో సంచీతో, డ్యూటీకి బయల్దేరినట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బాబూ, మీ పిల్లలు బంగారాలే, కాదనను," అంది. "కాని పొద్దుట్నించీ నా నెత్తి మీద గంతులేస్తున్నారు. నాది రాత్రి డ్యూటీ. పగలు కన్ను మూస్తేగాని రాత్రి తెరుచుకోదు. నిద్ర మత్తులో ఎవరికి ఏ మందు ఇస్తానో అని నాకే భయంగా ఉంది."

నెమ్మదిగానే చెప్పింది. మేస్త్రికి మాత్రం మొదటి వారంలోనే ఫిర్యాదా అని చిర్రెత్తుకొచ్చింది. ఆ పూట చెక్క బీరువా ఒకటి మూడంతస్తులు మోసొచ్చి ఉన్నాడు.

"సెలవులండీ. పిల్లలన్నాక గెంతరా? కాళ్ళు కట్టేసి కూర్చోబెట్టమంటారా?"

"కట్టెయ్యమని నేనన్నానా?" అంది నర్సమ్మ. ఇంకేదో అనబోయి, గడియారం చూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అన్నాల దగ్గర కూడా ఆ కోపం చల్లారలేదు. "ఎవడుంటాడిక్కడ?" అన్నాడు కంచంలో చెయ్యి పెట్టి. "ఇదొక్కటే ఇల్లా? చిటికేస్తే నా చేతిలో పాతిక ఇళ్ళున్నాయి."

ఇల్లాలు పెరుగు గిన్నె ఆయన ముందు పెట్టి, కళ్ళతోనే 'పిల్లలు వింటున్నారు' అంది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. జడ్జిగారు తినడం ముగించి, కంచం తీసుకుని లేచింది. తోక కూడా లేచాడు.

కాసేపటికి చిన్నగదిలోంచి కర్‌ర్‌మని చప్పుడు వినపడింది. టేపు చుట్ట విప్పే చప్పుడు. రోజూ పొద్దున్న లేస్తే మేస్త్రి చెవికి అలవాటైన చప్పుడే. ఆ రోజు మాత్రం అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

జడ్జిగారు పెట్టె మీద ఇంకో వరస టేపు వేస్తోంది. పాత టేపు మీదే మధ్యలో పొడుగునా ఒకటి, అటూ ఇటూ అంచుల మీద ఒక్కొక్కటి. కొసలు బెత్తెడు కిందకి మడిచి, గాలి లేకుండా బొటనవేలితో నొక్కింది. తెంచడానికి కత్తెర వెతకలేదు, పంటితో కొరికింది. అచ్చం ఆయనలాగే. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి ఆ నొక్కుడు నేర్పడానికి ఆయనకి నెల పడుతుంది. ఈ పిల్లకి ఆయన ఎన్నడూ నేర్పలేదు.

"అదేంటమ్మా?"

"వదులైందేమోనని," అంది.

తోక టేపు చుట్ట వేలికి తగిలించుకుని, రెండు చేతులూ చాచి అక్కకి అందిస్తున్నాడు. వెనకనించి ఇల్లాలి గొంతు, "మీ విద్యే. బాగా అబ్బింది," అంది. ఆవిడ నవ్వుతూ అనలేదు. ఆయన సిగ్గుతో తల దించుకుని వచ్చి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

ఆ మర్నాడు పని ఊరి అవతలి వైపు పడింది. ఎవరో ఉద్యోగం మారి వెళ్ళిపోతున్నారు. వాళ్ళ సామాను కడుతూ మేస్త్రి ఆ ఇంటి వంక చూడకూడదనే అనుకున్నాడు. ఒట్టు పెట్టుకున్నవాడికి ఇళ్ళతో పనేముంది? ముందుగది సామానుకి దుప్పట్లు చుట్టేదాకా నిగ్రహించుకున్నాడు. పక్కగది తలుపు తీసేసరికి నిగ్రహం గాలికి పోయింది.

గదికి రెండు కిటికీలు. కిటికీ అవతల వాకిలి, వాకిలి చుట్టూ గోడ. అన్నిటికీ మించి నేల మీద ఇల్లు. కింద మన్ను తప్ప ఫిర్యాదు చేసే ప్రాణి లేదు. మేస్త్రి చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, బూట్లతో ఒక్క గెంతు గెంతాడు. చప్పుడే లేదు! తోక ఇక్కడ రోజంతా గుర్రంలా పరిగెత్తొచ్చు. జడ్జిగారికి ఆ కిటికీ పక్కన బల్ల వేస్తే సరి. అక్కడైతే పెట్టె విప్పుతుంది. ఎందుకు విప్పదు? అక్కడినించి ఇంక కదలమన్నా కదలనక్కర్లేదు. ఇదొక్కటే ఆఖరు. ఇలాంటి ఆఖరులు ఇదివరకు ఎన్నయ్యాయో గుర్తు చేద్దామంటే ఆ సమయానికి ఇల్లాలు పక్కన లేదు.

ఇంటి యజమాని ముసలాయన మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. మేస్త్రి నోరు తెరిచి అడిగేలోపే ఆయనే అన్నాడు, "నువ్వు వస్తానంటే వేరేవాళ్ళకి ఇవ్వను బాబూ. సామాను అంత పదిలంగా చూసేవాడు ఇల్లు ఇంకెంత పదిలంగా చూస్తాడు! తాళంచెవి ఉంచుకో. ఇంటిదాన్ని తీసుకొచ్చి చూపించు. ఏ సంగతీ సాయంత్రం ఫోను చెయ్యి. ఇంకొకళ్ళు అడుగుతున్నారు."

నెత్తిన పాలు పోసినట్టయింది మేస్త్రికి. ఆ పూట బీరువాలు దూదిపింజల్లా తేలిపోయాయి. పని తొందరగా ముగించి, డ్రైవరు టీ తాగుదామన్నా ఆగకుండా ఇంటికొచ్చేశాడు.

మెట్లెక్కుతుంటే అనుమానం వచ్చింది. పైన చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. ఇంత పొద్దుండగా తోక ఉన్న ఇంట్లో నిశ్శబ్దమా? జ్వరమేమైనా వచ్చిందా అనుకుంటూ, గబగబా తలుపు తోశాడు.

తోక ముందుగదిలోనే ఉన్నాడు. మోకాళ్ళ దాకా మందపాటి ఉన్ని మేజోళ్ళు వేసుకుని, చేతులు రెండు వైపులా చాపి, దొంగలా ఒక్కో అడుగే తీసి వేస్తున్నాడు. నాన్నని చూడగానే వేలు నోటి మీద పెట్టుకున్నాడు.

"ష్ష్! కింద అత్త బజ్జుంది."

"ఏ అత్తరా?"

వాడు చెప్పలేదు. మాట్లాడితే ఆట పాడవుతుంది కాబోలు, చిన్నగది వైపు చెయ్యి చూపించాడు. మేస్త్రి కూడా తెలియకుండానే మునివేళ్ళ మీద నడిచి వెళ్ళాడు.

పెట్టె తెరిచి ఉంది. రెండు వరసల టేపూ నిలువునా తెగి, అట్ట రెక్కలు నాలుగూ వెల్లకిలా పడి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. అలమరలో ఉంది అంతా. పై అరలో కథల పుస్తకాలు, పొట్టివి ఒకవైపు, పొడుగువి ఒకవైపు. మధ్య అరలో ఒంటికన్ను బొమ్మ, రంగు గులకరాళ్ళు, రేకు డబ్బాలో పక్షి ఈకలు. కింది అరలో బట్టలు. మేస్త్రి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. ఈ పెట్టెని ఎన్ని మెట్లెక్కించాడు, ఎన్ని మెట్లు దించాడు! దానిలో పక్షి ఈకలున్నాయని ఆయనకి ఇప్పుడే తెలిసింది.

జడ్జిగారు కూడా ఉన్ని మేజోళ్ళతోనే ఉంది. కుర్చీ ఎక్కి పుస్తకాలు సర్దుతోంది.

"ఎవరు విప్పారమ్మా?"

"నేనే. పొద్దున్న కిందకెళ్ళాం, నర్సు అత్త దగ్గరికి."

"ఎందుకెళ్ళారు? ఎవరు వెళ్ళమన్నారు?"

"ఎవరూ అనలేదు. రెండు వైపులా వినాలి కదా," అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు. "అత్తా, నువ్వెప్పుడు పడుకుంటావో పైనున్న మాకెలా తెలుస్తుంది అని అడిగాను. అవును సుమా అంది. తర్వాత ఆలోచించి, పడుకునేటప్పుడు బాల్కనీలో నీలం తువ్వాలు వేస్తానంది. అది ఉన్నంతసేపు మేం మేజోళ్ళు వేసుకోవాలి. తీసేస్తే ఎంతైనా గెంతొచ్చు. సరిగ్గా తన మంచానికి పైన గెంతినా పర్లేదంది."

"ఇంతకు ముందు పైన ఉన్నవాళ్ళందరితోనూ గొడవేనంట," అని జడ్జిగారు కుర్చీ దిగింది. "ఎవరూ కిందకి వచ్చి అడగలేదంట."

మేస్త్రికి చెవులు వేడెక్కాయి. నిన్న గుమ్మంలో నిలబెట్టి తనన్న మాట ఆయనకి బాగానే గుర్తుంది.

"మరి పెట్టె?"

"మేజోళ్ళు అడుగున ఉన్నాయి. అన్నీ తీస్తేగాని దొరకలేదు."

"మళ్ళీ లోపల పెట్టెయ్యలేదే?"

"రేపు కూడా కావాలిగా నాన్నా. ఎల్లుండి కూడా. రోజూ పెట్టీ తీసీ ఎవరు పడతారు?"

ఆయన జేబులో తాళంచెవి తొడకి గుచ్చుకుంటోంది. మారనని ఒట్టేసిన నోటితోనే ఇప్పుడు ఏం చెబుతాడు? వాకిలి గురించా, రెండు కిటికీల గురించా? తేలు కుట్టిన దొంగలా బయటకొచ్చాడు. ఇల్లాలు టీ గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"ఏ ఇల్లు చూశారు?"

"ఇల్లా? ఏ ఇల్లూ లేదే."

"కొత్తిల్లు చూసొచ్చిన రోజే మీరు బూట్లు విప్పకుండా లోపలికి వస్తారు."

కిందకి చూసుకున్నాడు. బూట్లు కాళ్ళకే ఉన్నాయి. టీ గ్లాసు గట్టు మీద పెట్టి, మెట్ల మీదకి పోయి ఫోను తీశాడు.

"పెద్దాయనా, నేను మేస్త్రిని. ఇల్లు ఆ రెండోవాళ్ళకి ఇచ్చెయ్యండి. తాళంచెవి పొద్దున్నే తెచ్చిస్తాను."

"అదేంటి బాబూ! అంత మనసు పడ్డావు. ఇంటిదానికి నచ్చలేదా?"

"నచ్చకపోవడం కాదండీ. నేనొచ్చేసరికి మావాళ్ళు సామాను విప్పేశారు."

అవతల ముసలాయన ఏం అర్థం చేసుకున్నాడో గాని పెద్దగా నవ్వాడు. మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ వాకిలి ఒకసారి కళ్ళ ముందు మెదిలిన మాట నిజమే, దాన్ని అక్కడే వదిలేసి, బూట్లు గుమ్మం బయటే విప్పి లోపలికొచ్చాడు.

లోపల విచారణ సిద్ధంగా ఉంది. జడ్జిగారు, తోక కలిసి పెద్దగదిలో మంచం కిందనించి ఒక పెట్టెని మెల్లిగా, చప్పుడు కాకుండా బయటికి లాగారు. దాని చుట్టూ అడ్డంగా, నిలువుగా తాడు బిగించి ఉంది. తాడు మీద దుమ్ము కొబ్బరిపీచులా పేరుకుంది.

"ఇదెవరిది?" అంది జడ్జిగారు.

"నాదే."

"ఎందుకు విప్పలేదు?"

"ఇప్పుడేగా వచ్చాం. తీరిక దొరకలేదు."

"పోయినింట్లో?"

మేస్త్రి నెత్తి గోక్కున్నాడు.

"ఇందులో ఏముంది?"

ఆయన పెట్టె వంక చూశాడు. తాడు కట్టింది తనే, ఆ ముడి తనదే. లోపలేముందో మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఏ డబ్బాలో ఏముందో, చేత్తో ఎత్తి చూసి చెప్పగలడు మరి.

"చెప్పండి. జడ్జిగారు అడుగుతోంది కదా," అంది ఇల్లాలు, తలుపుకి చేరబడి. "మన పెళ్ళి ఫోటో ఏ ఇంట్లో పోయిందా అని నేను తల బద్దలుకొట్టుకుంటున్నాను."

"అందరివీ విప్పేశాం నాన్నా," అంది జడ్జిగారు. "నీదొక్కటే మిగిలింది."

ఇంక తప్పదని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెట్టె ఒళ్ళోకి లాక్కున్నాడు. ముడి మీద గోరు పెట్టాడు. ఎప్పుడో వానలో తడిసి, ఎండి, రాయిలా గట్టిపడిపోయింది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, పంటితో పట్టి లాగాడు. అది ఊడి రాలేదు. ఆయనకి చెమట పట్టింది. పిల్లలిద్దరూ చెరోపక్కా చతికిలబడి, ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

జడ్జిగారు లేచి వెళ్ళి, వంటింట్లో కత్తెర తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"కోసెయ్."

"తప్పు తప్పు. తాడు కొయ్యకూడదమ్మా. మా పనిలో తాడు ఎన్నడూ కొయ్యం, ముడి విప్పి చుట్ట చుట్టి దాచుకుంటాం," అన్నాడు మేస్త్రి, ముడి మీదనించి కళ్ళెత్తకుండానే. "మళ్ళీ పనికొస్తుంది."

"దేనికి?" అంది జడ్జిగారు.

మేస్త్రి చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి చూశాడు. ఇల్లాలు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. తోక అక్క మొహంలోకీ నాన్న మొహంలోకీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ పిల్ల మాత్రం, ఎప్పటిలాగే, జవాబు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

ఆయన కత్తెర తీసుకున్నాడు. కత్తెర మొద్దుది, తాడు మందం. పోగు వెంట పోగు తెగుతుంటే తోక గుసగుసగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడికి ఇరవై దాకానే వచ్చు, అక్కడిదాకా వచ్చాక మళ్ళీ ఒకటినించి అందుకున్నాడు.